యూరప్ జాయింట్ మాస్టర్స్: ఊళ్ల పేర్లు కాదు, సిలబస్ చూడండి

ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే కోర్సు చుట్టూ తిరుగుతున్నాయి. అంతర్జాతీయ వాణిజ్యం, యూరప్ ఆర్థిక ఏకీకరణ మీద రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే జాయింట్ మాస్టర్స్. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరమే తీసుకున్నాం, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను బీఏ ఎకనామిక్స్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మా సీనియర్ ఒకరు ట్రేడ్, యూరోపియన్ ఇంటిగ్రేషన్ ఎకనామిక్స్‌లో జాయింట్ మాస్టర్స్ చేయమంటున్నారు. ఇంట్లోవాళ్లేమో అంతకన్నా ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఎంబీఏ మేలు కదా అంటున్నారు. రెండూ ఒకటేనా? అసలు ఇందులో ఏం చెప్తారు?
— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఒకటి కాదమ్మా, దగ్గరి చుట్టాలు కూడా కాదు. ఎంబీఏలో కంపెనీ వైపు కూర్చుని సరుకు ఎలా అమ్మాలో, ఎక్కడ అమ్మాలో నేర్పుతారు. ఇక్కడ ఒక దేశం సుంకం తగ్గిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎంత అన్నది లెక్క కట్టడం నేర్పుతారు. ఈ రెండో పని మీద ఆసక్తి లేనివాళ్లు ఇక్కడికి వచ్చి మొదటి సెమిస్టర్‌లోనే తల పట్టుకుంటారు.

యూరోపియన్ ఇంటిగ్రేషన్ అనగానే యూరప్ చరిత్ర పాఠం అనుకునేవాళ్లున్నారు. చరిత్ర ఉంటుంది గానీ దాన్ని వాడుకునే తీరు వేరు. దేశాలు ఆర్థికంగా ఎంత దగ్గరవ్వొచ్చో మెట్లు మెట్లుగా చెప్పిన ఆర్థికవేత్త బేలా బలాషా, 1961లో. మొదటిది స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం: లోపల సుంకాలుండవు, బయటి దేశాల మీద మాత్రం ఎవరి సుంకం వాళ్లది. తర్వాతది కస్టమ్స్ యూనియన్: బయటివాళ్ల మీద కూడా అందరిదీ ఒకే సుంకం. ఆపైన సరుకు, సేవలు, పెట్టుబడి, మనుషులు నాలుగూ స్వేచ్ఛగా తిరిగే ఉమ్మడి మార్కెట్, దానికీ పైన ఒకే కరెన్సీ. ఈ మెట్లన్నీ నిజంగా ఎక్కి చూపించింది యూరపే. 1957 రోమ్ ఒప్పందంతో ఆరు దేశాలు మొదలుపెట్టాయి, 1968 జూలై 1 నాటికి కస్టమ్స్ యూనియన్ పూర్తయింది, 1993 నుంచి సింగిల్ మార్కెట్ (పైన చెప్పిన ఉమ్మడి మార్కెట్టే), 1999 నుంచి యూరో. 2026 జనవరిలో బల్గేరియా చేరాక యూరో వాడే సభ్యదేశాలు 21 అయ్యాయి. అంటే ఆర్థికశాస్త్రంలో ఏ సిద్ధాంతం తీసుకున్నా పరీక్షించి చూడ్డానికి ఇక్కడ అరవై ఏళ్లకు పైబడిన డేటా ఉంది. కోర్సు అంతా దాని మీదే నడుస్తుంది.

ఉదాహరణ చెప్తాను, అప్పుడు నీకు నచ్చుతుందో లేదో నీకే తెలుస్తుంది. కూటమి కడితే వాణిజ్యం పెరుగుతుంది కదా, మంచిదే కదా అనుకుంటాం. జేకబ్ వైనర్ అనే ఆయన 1950లో ఆగండి అన్నాడు. కూటమి లోపల చౌకగా చేసే దేశం నుంచి కొత్తగా కొనడం మొదలైతే అది లాభం, కానీ బయట ఎక్కడో ఇంకా చౌకగా చేసే దేశం నుంచి కొనడం మానేసి, సుంకం లేదన్న ఒక్క కారణంతో లోపలి ఖరీదైన సరుకు కొంటే అది నష్టం కూడా కావచ్చు. బ్రిటన్ 1973లో అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో చేరినప్పుడు న్యూజిలాండ్ వెన్నకు జరిగింది అదే. అంతకుముందు దశాబ్దాల తరబడి బ్రిటన్ బల్లల మీద ఉన్న వెన్న అది, కొన్నాళ్లు ప్రత్యేక కోటా ఇచ్చినా చివరికి ఆ చోటు చాలావరకు యూరప్ వెన్నే తీసుకుంది. ఇందులో ఎంత లాభం, ఎంత నష్టం అని తేల్చడం ఒక సెమిస్టర్ పేపరు.

ఇంకొకటి నాకు బాగా ఇష్టమైనది. ఫ్రాన్స్‌లో కాసిస్ ద దిజాన్ అని నల్లద్రాక్షలా ఉండే ఒక పండుతో చేసే తీపి మద్యం ఉంది. జర్మనీ దాన్ని రానివ్వలేదు, కారణం ఎక్కువ ఘాటని కాదు, తక్కువ ఘాటని! అలాంటి మద్యంలో కనీసం 25 శాతం ఆల్కహాల్ ఉండాలని వాళ్ల రూలు, దీంట్లో అంత లేదు. కేసు యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్తే 1979లో తీర్పు వచ్చింది: ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా అమ్మే సరుకును, గట్టి కారణం లేకుండా, మరో సభ్యదేశం ఆపకూడదు. సుంకాలు ఎత్తేసి పదేళ్లు దాటినా సరిహద్దు దగ్గర సరుకు ఆగిపోవడానికి ఇలాంటి రూళ్లే కారణం. ఈరోజు ట్రేడ్ ఎకనామిక్స్‌లో సగం పని సుంకాల మీద కాదు, వీటి మీదే.

ఇవి చదువుతుంటే తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపించిందా? అయితే ఇంట్లో ధైర్యంగా మాట్లాడు. లేదూ, ‘బాగుంది గానీ జీతం ఎంత వస్తుంది’ అన్నదే ముందు గుర్తొస్తే ఎంబీఏ తప్పేమీ కాదు.

ప్రశ్న: నాది బీకాం. ఇంటర్ తర్వాత లెక్కలు వదిలేశాను. ఈ కోర్సుకి పనికొస్తానా? ఒక కన్సల్టెన్సీవాళ్లు ‘మీకెందుకు సార్, మేం చూసుకుంటాం’ అంటున్నారు.
— బీకాం పట్టభద్రుడు

జవాబు: వాళ్లు నీ బదులు పరీక్ష రాయరు కదా తమ్ముడూ.

ఇలాంటి కోర్సుల్లో చేర్చుకునేటప్పుడు డిగ్రీ పేరు కన్నా మార్కుల జాబితాలో మైక్రో, మాక్రో, గణితం, స్టాటిస్టిక్స్ ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూస్తారు. బీకాంలో బిజినెస్ ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ పేపర్లు ఉండే ఉంటాయి, వాటి సిలబస్ కాపీలు కాలేజీ నుంచి సంతకం, ముద్రతో తీసుకో. పేపరు పేరు ఒక్కటే చూసి లోపల ఏం ఉందో ఎవరికీ తెలియదు. కొన్ని యూనివర్సిటీలు లోటు ఉన్నవాళ్లకు ముందుగా బ్రిడ్జి కోర్సు పెడతాయి, కొన్ని మొహమాటం లేకుండా కాదంటాయి. దరఖాస్తు చేసే ముందే కోర్సు కోఆర్డినేటర్‌కు మెయిల్ రాసి అడగడం మేలు, వాళ్లు జవాబిస్తారు.

అసలు సంగతి చేరాక మొదలవుతుంది. ట్రేడ్‌లో అందరూ వాడే గ్రావిటీ మోడల్ ఒకటి ఉంది, 1962లో ఆర్థికవేత్త టిన్‌బర్గెన్ వాడుకలోకి తెచ్చింది. రెండు దేశాల మధ్య వాణిజ్యం ఆ దేశాల ఆర్థిక పరిమాణంతో పెరుగుతుంది, మధ్య దూరంతో తగ్గుతుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం కొన్ని దేశాల జంటల మధ్య వాణిజ్యం సున్నా ఉంటుంది, సున్నాకి లాగరిథమ్ తీయలేవు, మరి ఆ వరుసలు తీసేయాలా ఉంచాలా, ఉంచితే ఏ పద్ధతి వాడాలి... 2006లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం తర్వాత ఈ మొత్తం లెక్క చేసే తీరే మారింది. దీనికి ఎకనోమెట్రిక్స్, అంటే ఆర్థిక డేటాను స్టాటిస్టిక్స్‌తో పరీక్షించే విద్య కావాలి, ఆ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ స్టాటా గానీ ఆర్ గానీ చేతికి రావాలి. డెరివేటివ్, మాట్రిక్స్, రిగ్రెషన్, హైపోథసిస్ టెస్టింగ్: ఈ నాలుగు మాటలు చూస్తే టెన్షన్ రాకుండా ఉండేంత వరకు బయల్దేరే ముందే తిరిగి నేర్చుకో. ఆర్ ఉచితం, ఈరోజే దింపుకోవచ్చు. కన్సల్టెన్సీకి కట్టే డబ్బులో పదో వంతుతో మంచి లెక్కల ట్యూషన్ దొరుకుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ అని చెప్తోంది. నెలకు 1,400 యూరోలు ఇస్తారట, ఫీజు లేదట. వినడానికి మరీ బాగుంది, అందుకే అనుమానంగా ఉంది. ఇది నిజమేనా? మేం చేతి నుంచి ఏమైనా పెట్టుకోవాలా?
— ఒక తండ్రి

జవాబు: అనుమానం మంచిదేనండీ, కానీ ఇది నిజమే. ఎరాస్మస్ ముండస్ యూరోపియన్ యూనియన్ సొంత డబ్బుతో 2004 నుంచి నడుస్తున్న పథకం. కనీసం మూడు దేశాల నుంచి మూడు యూనివర్సిటీలు కలిసి ఒక కోర్సు తయారుచేసి బ్రసెల్స్‌లోని యూనియన్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఎంపికైన వాటికి స్కాలర్‌షిప్ సీట్లు ఇస్తారు. స్కాలర్‌షిప్ వచ్చిన విద్యార్థికి నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు. ట్యూషన్ ఫీజు తీసుకోరు, ఇన్సూరెన్స్ కూడా కోర్సువాళ్లే చేయిస్తారు. అయితే ఇప్పటి పద్ధతిలో ప్రయాణానికి, వీసాకి వేరే డబ్బు రాదు, అన్నీ ఆ 1,400లోనే.

మీరు చూసుకోవాల్సినవి ఇవి. మొదటిది, అమ్మాయి చెప్తున్న కోర్సు ఈ ఏడాది నిజంగా ఆ పథకంలో ఉందా లేదా. జాయింట్ మాస్టర్స్ అన్నీ ఎరాస్మస్ ముండస్ కావు, ఒకప్పుడు ఆ నిధులు ఉండి ఇప్పుడు సొంత ఫీజులతో నడిచేవి కూడా ఉన్నాయి, పాత సీనియర్లు చెప్పింది విని మోసపోయేది అక్కడే. యూరోపియన్ కమిషన్ విద్యా ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ప్రస్తుత కోర్సుల జాబితా ఉంటుంది, అందులో పేరు ఉంటే ఉన్నట్టు. రెండోది, దరఖాస్తు నేరుగా కోర్సు వెబ్‌సైట్‌లోనే, మధ్యలో ఏజెంట్ అనేవాడే లేడు. ఎవరైనా ‘సీటు ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. మూడోది, అమ్మాయికి సీటు మాత్రమే వచ్చిందా, స్కాలర్‌షిప్ కూడానా అన్నది ఉత్తరంలో స్పష్టంగా చూడండి. సొంత ఖర్చుతో చేరమని కూడా సీటిస్తారు, ‘సెలెక్టెడ్’ అన్న మాట చూసి ఇంట్లో స్వీట్లు పంచేశాక ఫీజు సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు. రిజర్వ్ లిస్టులో ఉంటే కంగారు వద్దు, పైవాళ్లు వేరే చోటికి వెళ్తే పేరు కదులుతుంది. ఒకే దేశంవాళ్లకు మొత్తం స్కాలర్‌షిప్‌లలో సుమారు పదో వంతుకు మించి ఇవ్వకూడదన్న నియమం ఉంది కాబట్టి, మన పిల్లల పోటీ నిజానికి మన పిల్లలతోనే.

చేతి నుంచి పెట్టుకోవాల్సింది మొదటి రెండు నెలల ఖర్చు. అక్కడికి చేరి, రిజిస్టర్ అయి, బ్యాంకు ఖాతా తెరిస్తే గానీ మొదటి విడత పడదు. గది అద్దెకు తీసుకునేటప్పుడు అడ్వాన్సు కట్టాలి, అది ఒక్కోచోట రెండు మూడు నెలల అద్దె కూడా ఉంటుంది. తర్వాత ఊరు మారినప్పుడు పాత అడ్వాన్సు తిరిగి వచ్చే లోపే కొత్తది కట్టాల్సి వస్తుంది. ఈ మేరకు సర్దుబాటు చేసి ఉంచితే చాలు. బ్రసెల్స్, పారిస్‌లలో అద్దెలు ఎక్కువ, అక్కడ 1,400 గుట్టుగా వాడుకోవాలి. స్పెయిన్, ఇటలీ చిన్న నగరాల్లో, చెక్ దేశంలో కొంచెం ఊపిరాడుతుంది.

ప్రశ్న: మూడేళ్ల డిగ్రీ సరిపోతుందా? ఐఈఎల్‌టీఎస్ ఎంత ఉండాలి?

జవాబు: యూరప్‌లో బ్యాచిలర్స్ చాలాచోట్ల మూడేళ్లే, 180 క్రెడిట్లు. కాబట్టి మన మూడేళ్ల డిగ్రీని చాలా యూనివర్సిటీలు తీసుకుంటాయి. అయితే కన్సార్షియంలో, అంటే కోర్సు నడిపే యూనివర్సిటీల కూటమిలో, ఒక్క భాగస్వామికి అభ్యంతరం ఉన్నా ఇబ్బందే కనుక ముందే రాతపూర్వకంగా అడగండి. ఐఈఎల్‌టీఎస్ 6.5 చాలాచోట్ల కనీసం. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య ముగిసిపోతాయి, చదువు మొదలయ్యేది ఆ తర్వాతి సెప్టెంబరులో. మే నెలలో రిజల్ట్స్ చూసుకుని మొదలుపెడదాం అనుకుంటే ఏడాది పోయినట్టే.

ప్రశ్న: మేడమ్, జాయింట్ డిగ్రీ, డబుల్ డిగ్రీ, మల్టిపుల్ డిగ్రీ అని మూడు రకాలు రాస్తున్నారు. చివరికి చేతికి ఎన్ని సర్టిఫికెట్లు వస్తాయి? తిరిగొచ్చాక ఇక్కడ పీహెచ్‌డీకి చెల్లుతుందా?
— ఎంఏ విద్యార్థి

జవాబు: జాయింట్ డిగ్రీ అంటే ఒకటే కాగితం, దాని మీద అందరి పేర్లు, సంతకాలు. డబుల్ అంటే రెండు యూనివర్సిటీలు విడివిడిగా ఇచ్చే రెండు పట్టాలు, మల్టిపుల్ అంటే అంతకన్నా ఎక్కువ. మూడు కాగితాలు వస్తే మూడు మాస్టర్స్ అని బయోడేటాలో రాసుకోవద్దు, చదువు ఒకటే. వినడానికి జాయింట్ గొప్పగా ఉంటుంది గానీ కొన్ని దేశాల చట్టాలు ఉమ్మడి పట్టా ఇవ్వడానికి అంత తేలిగ్గా ఒప్పుకోవు, అందుకే చాలా కోర్సులు డబుల్‌తో సరిపెడతాయి. ఇంకో మెలిక ఉంది: నువ్వు ఏ ఊళ్లలో సెమిస్టర్లు చేశావో ఆ యూనివర్సిటీల పట్టాలే వచ్చే కోర్సులున్నాయి. కన్సార్షియంలో ఎనిమిది పేర్లుంటే ఎనిమిదీ నీ పట్టా మీద ఉంటాయని కాదు.

పట్టాతో పాటు డిప్లొమా సప్లిమెంట్ అని ఒకటి ఇస్తారు. ఏ పేపరు ఎక్కడ చదివావు, ఎన్ని క్రెడిట్లు, మార్కుల పద్ధతి ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. తిరిగొచ్చాక గుర్తింపు కోసం తిరిగేటప్పుడు పట్టా కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది, రెండు మూడు ఒరిజినల్ కాపీలు అడిగి తెచ్చుకో. విదేశీ డిగ్రీల సమానత్వం మీద యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. నువ్వు చేరబోయే కోర్సులో ప్రతి యూనివర్సిటీకి దాని సొంత దేశంలో గుర్తింపు ఉందా అన్నది ముందు చూసుకో.

ప్రశ్న: ప్రతి సెమిస్టర్‌కి దేశం మారితే ప్రతిసారీ కొత్త వీసానా? మధ్యలో వీసా రాకపోతే ఏం చేయాలి? ఇదొక్కటే నన్ను ఆపుతోంది.
— వైజాగ్ పాఠకురాలు

జవాబు: భయపడాల్సినంత లేదు గానీ తేలిగ్గా తీసుకునే పని కూడా కాదు. ఈయూలో 2016 నాటి ఒక ఆదేశం ఉంది. దాని ప్రకారం ఇలాంటి ఉమ్మడి కోర్సుల్లో ఉన్న విద్యార్థి, మొదటి దేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్‌తో రెండో సభ్యదేశంలో 360 రోజుల వరకు చదువుకోవచ్చు, కొత్త వీసా అక్కర్లేదు, ఆ దేశానికి ముందుగా తెలియజేస్తే చాలు. డెన్మార్క్, ఐర్లండ్‌లకు ఈ ఆదేశం వర్తించదు. బ్రిటన్ ఈయూలోనే లేదు కనుక అక్కడి సెమిస్టర్ అంటే పూర్తిగా వేరే వీసా.

కాగితం మీద ఇంత బాగా ఉన్నది ఆఫీసులకు వచ్చేసరికి ఒక్కోచోట ఒక్కోలా అమలవుతుంది. మొదటి దేశంలో పర్మిట్ కార్డు చేతికి రావడానికే కొన్ని నెలలు పడుతుంది, ఆ కార్డు లేకుండా రెండో దేశానికి తెలియజేయడం కుదరదు, ఈలోగా సెమిస్టర్ మారిపోతుంది. అందుకే మంచి కన్సార్షియం అయితే ఏ దేశం తర్వాత ఏ దేశం, ఎప్పుడు ఏ కాగితం అన్నది ముందే రాసి ఇస్తుంది. ఆ కాగితం అడుగు. ‘అప్పటికప్పుడు చూద్దాం’ అన్నారంటే అది నాకైతే చెడ్డ గుర్తు. గత రెండు బ్యాచ్‌ల విద్యార్థుల్లో మనవాళ్లెవరున్నారో కనుక్కుని వాళ్లకు వీసా ఎలా అయిందో అడిగితే, ఇక్కడ నేను రాసే దానికన్నా మంచి జవాబు దొరుకుతుంది.

దిగాక చేసే పనులు కూడా దేశానికొకలా ఉంటాయి. ఇటలీలో ఎనిమిది పనిదినాల్లోపు పర్మిట్‌కు పెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో దీర్ఘకాల వీసాను మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. బెల్జియంలో మునిసిపాలిటీలో పేరు రాయిస్తే పోలీసు ఇంటికొచ్చి నువ్వు నిజంగా అక్కడ ఉంటున్నావా లేదా చూసి వెళ్తాడు. తలుపు మీద పేరు అంటించకపోతే ఆయన వెనక్కి వెళ్లిపోతాడు, నీ కార్డు మళ్లీ ఆలస్యం. పోలీసు అనగానే కంగారు పడి ఇంటికి ఫోన్ చేయొద్దు, అక్కడ అది మామూలే.

ప్రశ్న: ఇది చదివితే యూరోపియన్ యూనియన్ ఆఫీసుల్లో ఉద్యోగం వస్తుందా? డబ్ల్యూటీవోలో? లేకపోతే ఎక్కడ వస్తుంది?
— ఉద్యోగం మాని చదువుకోవాలనుకుంటున్న పాఠకుడు

జవాబు: ఉద్యోగం మానే ముందు అడిగారు, సంతోషం. ఈయూ శాశ్వత ఉద్యోగాలకు సభ్యదేశ పౌరసత్వం ఉండాలి. కోర్సు బ్రోషర్‌లో బ్రసెల్స్ భవనాల ఫొటోలు ఎన్ని ఉన్నా ఆ తలుపు మనకు తెరుచుకోదు. యూరోపియన్ కమిషన్‌లో ఐదు నెలల బ్లూ బుక్ ట్రైనీషిప్ ఒకటుంది, మార్చిలో, అక్టోబరులో మొదలవుతుంది, బయటి దేశాలవాళ్లకు కూడా కొద్ది చోట్లు ఉంటాయి. పోటీ విపరీతం. పారిస్‌లోని ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ కూడా సభ్యదేశాల వాళ్లనే తీసుకుంటుంది, మనం సభ్యులం కాదు. జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవో, ఐక్యరాజ్యసమితి వాణిజ్య విభాగం అంక్టాడ్ అయితే పౌరసత్వం అడ్డు కాదు, అయితే అక్కడ అనుభవం, చాలాసార్లు పీహెచ్‌డీ అడుగుతారు.

మరి ఉద్యోగాలు ఎక్కడున్నాయంటే, ఎవరూ ఫొటోలు వేయని చోట. ఒక సరుకు ఏ కోడ్ కిందికి వస్తుందో తేల్చడమే కొందరి పూర్తికాల ఉద్యోగం. ప్రపంచమంతా ఒకేలా ఉండేది ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్, ఈయూ దాన్ని ఎనిమిదికి, సుంకాల కోసం పదికి పొడిగించింది. ఒక అంకె తప్పు పడితే కంపెనీ కట్టే సుంకమే మారిపోతుంది. రూల్స్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు ఏ దేశంలో తయారైనట్టో తేల్చే నియమాలు, ఇంకో ప్రపంచం. తుర్కియే 1995 చివరి నుంచి ఈయూతో కస్టమ్స్ యూనియన్‌లో ఉంది, నార్వేకి సింగిల్ మార్కెట్ ఉంది గానీ కస్టమ్స్ యూనియన్ లేదు. అందుకే నార్వే, స్వీడన్ సరిహద్దులో ఇప్పటికీ కస్టమ్స్ ఉంటుంది, నార్వే నుంచి వచ్చే సరుకు నిజంగా నార్వేలోనే తయారైందని కాగితం చూపాలి. ఇక తుర్కియే కష్టం వేరు. ఈయూ ఎవరితో ఒప్పందం చేసుకున్నా ఆ దేశం సరుకు ఈయూ గుండా సుంకం లేకుండా తుర్కియేకి చేరగలదు, ఆ దేశం మాత్రం తుర్కియే సరుకుకు తలుపు తీయాల్సిన పని లేదు. ఇలాంటివి అర్థమైన మనిషి యాంట్‌వెర్ప్, రోటర్‌డామ్ లాంటి రేవుల చుట్టూ ఉన్న లాజిస్టిక్స్ కంపెనీలకు, కస్టమ్స్ సలహా సంస్థలకు, ట్రేడ్ ఫైనాన్స్ చేసే బ్యాంకులకు కావాలి. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతి మీద ఈయూ పెట్టిన కార్బన్ సుంకం 2026 జనవరి నుంచి అసలు దశలోకి వచ్చింది, దాని లెక్కలు చూసే మనుషులు ఇక్కడి ఎగుమతిదారులకు కూడా కావాలి. 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ పట్టాలెక్కి, 2026 జనవరిలో ముగిసిన భారత్, ఈయూ వాణిజ్య చర్చల వల్ల కూడా ఈ పని తెలిసినవాళ్లకు ఇక్కడే గిరాకీ ఉంటుంది.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఈయూ నిబంధన ప్రకారం కనీసం తొమ్మిది నెలలు ఉండనిస్తారు. ఈ తొమ్మిది నెలల్లో చాలామందికి అడ్డు తగిలేది భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఆఫీసు ఉండదు. చివరి సెమిస్టర్ ఏ దేశంలో ఉందో ఆ భాష మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టండి. ప్రతి ఆరు నెలలకీ కొత్త భాష కొంచెం కొంచెం నేర్చుకుని చివరికి ఏదీ రాకుండా మిగిలిపోవడం ఈ కోర్సుల్లో ఉన్న పెద్ద లోపం, నా ఉద్దేశంలో. నాలుగు దేశాలు తిప్పే కోర్సు కన్నా రెండు దేశాల్లో నిలకడగా ఉంచే కోర్సు మేలనడానికి నాకు ముఖ్య కారణం ఇదే.

ప్రశ్న: అక్కా, నేను ఇప్పటికే చేరిపోయాను, మొదటి సెమిస్టర్ ఫ్రాన్స్‌లో అయింది. 20కి 13 వచ్చింది ఎకనోమెట్రిక్స్‌లో. ఇంటర్ నుంచి ఎప్పుడూ 90 శాతం తగ్గలేదు, ఇంట్లో చెప్పలేకపోతున్నాను. పైగా థీసిస్ అంశం వెంటనే చెప్పమంటున్నారు. ఏం తీసుకోవాలి?
— ఒక విద్యార్థి

జవాబు: ఇంట్లో హాయిగా చెప్పు. ఫ్రాన్స్‌లో 10 వస్తే పాస్, 12 దాటితే ఫరవాలేదు అంటారు, 14 అంటే బాగుందని, 16 దాటితే చాలా బాగుందని. 20కి 20 దాదాపు ఎవరికీ రాదు. నీ 13ని 65 శాతం అని మార్చి చెప్పకు, ఆ లెక్క తప్పు. వచ్చే సెమిస్టర్ ఇటలీ అయితే అక్కడ 30కి, పాస్ మార్కు 18, పైగా చాలా పరీక్షలు నోటితో, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఇప్పటి నుంచే గట్టిగా మాట్లాడుతూ చదవడం అలవాటు చేసుకో.

థీసిస్‌కి ‘భారత్, ఈయూ వాణిజ్య సంబంధాలు’ లాంటి అంశం మాత్రం పెట్టొద్దు, అది పుస్తకం పేరు, ప్రశ్న కాదు. ఒక సరుకు, ఒక నిబంధన, ఒక తేదీ ఉండాలి. మనకు దగ్గరిదే ఒకటి చెప్తాను. మన చెరువుల్లో పెంచిన రొయ్యలు యూరప్‌లో దిగినప్పుడు యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించే వాటాను ఈయూ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. సుంకం పైసా పెరగలేదు. కానీ పరీక్ష ఖర్చు, రేవులో ఆగే రోజులు, వెనక్కి పంపిస్తారన్న భయం... ఇవన్నీ కలిసి సుంకంలా పనిచేశాయా? ఈక్వడార్, వియత్నాం రొయ్యలతో పోల్చి, ముందూ తర్వాతా చూడొచ్చు. ఇలా రెండు వైపుల మార్పునూ పోల్చే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ పద్ధతి దీనికి సరిపోతుంది, అది నీ సిలబస్‌లోనే ఉంది. ఈయూ గణాంక సంస్థ యూరోస్టాట్ నడిపే వాణిజ్య డేటాబేస్ కామెక్స్‌ట్‌లో నెలవారీ డేటా ఉచితంగా దొరుకుతుంది, గడ్డకట్టించిన రొయ్యలకు హెచ్‌ఎస్ కోడ్ 0306 17 దగ్గర మొదలుపెట్టు. సరిహద్దులో ఏ సరుకు ఎందుకు ఆపారో చెప్పే ఈయూ ఆహార హెచ్చరికల డేటాబేస్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది.

గైడ్ తప్పకుండా అడిగేది ఒకటుంది: అదే సమయంలో అమెరికా ధరలు బాగుండి మనవాళ్లే అటు మళ్లించారేమో, ఈ తగ్గుదల పరీక్షల వల్లనే అని ఎలా చెప్తావు అని. దానికి జవాబు ఆలోచించుకునే వెళ్లు. అంశం పేరుతో కాకుండా ఒక పేజీలో ప్రశ్న, డేటా ఎక్కడ దొరుకుతుంది, ఒక గ్రాఫ్ పెట్టి పంపు. గ్రాఫ్‌లో 2016 దగ్గర ఏ మార్పూ కనబడకపోతే అది కూడా దాచకుండా చూపించు. ఎందుకు కనబడలేదన్నది కూడా మంచి థీసిస్ ప్రశ్నే, గైడ్ ఒప్పుకుంటే ఏప్రిల్‌కల్లా మొదటి అధ్యాయం రాసేయొచ్చు.